వెనీసునగర నౌకాకర్మశాల

ఐరోపా భాషలలో “ఆర్సెనల్” అను శబ్దమునకు నేడు ఆయుధాగారమని యర్థము. మన ఆంగ్లాంధ్ర నిఘంటువులును ఈ యర్థమునే చెప్పుచున్నవి. కాని యీ శబ్దము పుట్టినపుడు దీనియందు ఆయుధప్రసక్తి యించుకయు లేదు. అరబ్బీ భాషయందు “దార్” అనగా గృహము. “సినాఅ” అనగా చేయుట, చేతిపని, శిల్పము. రెండును గలిసి “దార్ అస్సినాఅ”, అనగా పనియిల్లు. పారసీకము నుండి మన భాషలోనికి వచ్చిన కార్ఖానా శబ్దమునకును అవయవార్థ మిదియే. మధ్యధరా సముద్రతీరమున ఓడలు గట్టు స్థలములకు అరబ్బులు ఈ పేరు పెట్టిరి. ఇటలీ నావికుల నోట నది పలుతెఱగుల మాఱి, ఒకచోట “దార్సెన” యై ఓడలు నిలుచు మడుగునకు పేరైనది. వెనీసునగరమున మొదట “అర్జనా” యనియు, తరువాత “అర్సెనాలె” యనియు స్థిరపడినది. తురుష్కులయందు నిదియే “తెర్సానె”. శతాబ్దముల తరబడి ఒకరి యోడల నొకరు ముంచుకొన్న వెనీసువారును తురుష్కులును తమ నౌకాశాలలను ఒక్క శబ్దముతోనే వ్యవహరించుట చిత్రము. వ్యుత్పత్తి మఱచిన పిమ్మట కొందఱు దీనిని లాటిను భాషలో “అర్క్స్ సెనాతుస్” అని విఱిచి, శిష్టసభవారి కోట యని యర్థము చెప్పిరి. మన యూళ్ల పేళ్లకు స్థలపురాణములు కల్పించిన వ్యుత్పత్తుల వంటిదే యిది. దార్ శబ్దమును జూచి సంస్కృత దారుశబ్దమును దలచుకొనుటయు నట్టి ప్రమాదమే.

తిలలనుండి పుట్టినదే తైలము. అయినను ఆవనూనెయు నేడు తైలమే. కుశలను గోయువాడు కుశలుడు. దర్భ నెన్నడును ముట్టనివాడును నేడు కుశలుడే. యోగార్థము జాఱిపోయి రూఢ్యర్థము నిలుచుట శబ్దములకు సహజము. పనియిల్లు అను నర్థము పోయి ఆయుధపుకొట్టు అను నర్థము వచ్చుటకు మాత్రము ముఖ్యకారణము వెనీసునగర మందలి యొక్క స్థలము. ఓడలతోపాటు ఫిరంగులును, మందును, కత్తులును అచ్చటనే చేసి అచ్చటనే దాచుటచే, చూచిపోయిన పరదేశులు దాచుటనే గుర్తుంచుకొనిరి; చేయుటను మఱచిరి. శబ్దమునకు గలిగిన యీ గతియే పిమ్మట ఆ స్థలమునకును గలిగినది.

వెనీసుతో నాంధ్రదేశమునకు గల సంబంధము స్వల్పమైనను నిజమైనది. కాకతీయుల మోటుపల్లి రేవును 13వ శతాబ్ది చివర వర్ణించిన మార్కో పోలో వెనీసువాడు. గణపతిదేవచక్రవర్తి ఓడబేహారులకు అభయమిచ్చిన మోటుపల్లి శాసనమునకు అప్పటికి సుమారు అర్ధశతాబ్దమే గడచియుండెను. 15వ శతాబ్ది పూర్వార్ధమున విజయనగరమును జూచిన నికోలో దె కోంతి వెనీసు రాజ్యములోని కియోజ్జా వాడు. 1565 నాటి రాక్షసితంగడి యుద్ధానంతరము, 1567లో, పాడువడిన విజయనగరమున కొన్ని నెలలు నివసించి చూచిన సంగతులు వ్రాసిన సీజరు ఫెడరికి యను రత్నవర్తకుడును వెనీసువాడే. హోర్ముజు రేవున ఇనుపమేకులు లేక కొబ్బరిపీచు త్రాళ్లతో గుట్టిన యోడలను జూచి మార్కో పోలో భయపడుటకు హేతువు, అతడు పుట్టిన యూరిలో ఓడలు మఱియొక విధముగా గట్టబడుటయే.

ఆ యూరు భూమిపై నున్నదని చెప్పుటకంటె నీటిపై నున్నదని చెప్పుట యుక్తము. ఉప్పుకయ్యల నడుమ నుండు చిన్నచిన్న లంకలపై కొయ్యగుంజలు పాతి, వానిపై నిండ్లు గట్టుకొన్న జనులకు పొలములు లేవు. ఓడయే వారికి నాగలి. 1104లో డోజు పదవియందున్న ఒర్దెలాఫో ఫాలియెర్ ఈ నౌకాశాలను స్థాపించెనని సంప్రదాయము చెప్పుచున్నది. డోజు అనగా వంశక్రమమున గాక యెన్నికచే నేర్పడు రాజ్యాధిపతి. కాని 13వ శతాబ్ద్యారంభమునకు ముందు దీనికి నిలుకడగల పత్రాధారములు లేవని నేటి చరిత్రకారు లనేకులు తలచుచున్నారు. ఈ పక్షమే బలవత్తరము. 14వ శతాబ్ది మొదట దీని ప్రక్కన “క్రొత్త” శాలయు, 1473లో ప్రారంభించి “మిక్కిలి క్రొత్త” శాలయు జేర్చబడినవి. ఈ మిక్కిలి క్రొత్తదానికి నేడు 550 ఏండ్ల వయస్సు. అన్నియు గలిసి సుమారు 110 ఎకరముల నీరును నేలయు. చుట్టును బురుజులతో నెత్తైన గోడ. లోపలి పనిని పరులు చూడరాదనుటయే గోడకు బ్రయోజనము.

14వ శతాబ్ది తొలినాళ్లలో దాంతె మహాకవి తన నరకవర్ణనమున లంచగొండులు మునిగియుండు మరుగుకీలునకు ఉపమానముగా, శీతకాలమున ఈ శాలలో ఓడలకు బూయుటకై కాగుచుండు కీలును గ్రహించెను. ఆ సందర్భమున నొకడు పాత యోడ సందులు పూడ్చుచు, ఒకడు తెడ్లు చెక్కుచు, ఒకడు త్రాళ్లు పేనుచు, ఒకడు చాపలు కుట్టుచు గనబడుదురు. నరకమును వర్ణించుటకు దొరకొన్న కవి పనివారి చేతులను జూచుచు కొంతసేపు నిలిచిపోయెనని యా ఘట్టము చదువువారికి దోచును.

ఈ శాల యందలి విశేషము ఓడల సంఖ్యయందు గాక పని యేర్పాటునందు గలదు. ఓడ పక్కటెముకలు, పీటలు, తెడ్లు, చుక్కానులు వేఱువేఱు చోట్ల ముందుగనే సిద్ధమై కొట్లలో నుండును. గట్టి కొయ్యకై మొంతెల్లో కొండ యందలి సింధూరవనమును, తెడ్లకై కన్సీల్యో యడవి యందలి బీచిచెట్లను రాజ్యమువారు ప్రత్యేకించి, ప్రజలు గొడ్డలి పెట్టకుండ శాసించిరి. త్రాళ్లశాలకు “తాన” యని పేరు. దాను నది సముద్రమున గలియు చోట తాన యను వర్తకస్థానము వెనీసువారి కుండెడిది. గంజాయిజాతి నార యచ్చటినుండి వచ్చుటచే త్రాళ్లు పేను శాలకును ఆ పేరే పడినది. 1395లో తైమూరు దానిని కొల్లగొట్టెను. 1475లో తురుష్కులు వశపఱచుకొనిరి. పిమ్మట నార ఇటలీలోనే పండింపబడినను శాల పేరు మాఱలేదు. 1579 మొదలు 1585 వఱకు ఆంతోనియో ద పోంతె దీనిని మరల గట్టెను. పొడవు 317 మీటరులు. ఇంత పొడవు వైభవార్థమని చూచువారు భ్రమపడుదురు. త్రాటిపోగులను చాచి పేనవలెను గనుక శాల యెంత పొడవో అతుకులేని మోకు నంతకంటె పొడవుగా జేయ వీలులేదు. పెద్ద యోడల లంగరుమోకుల ప్రమాణమే యీ శాలకు బ్రమాణము.

1430 తరువాతి సంవత్సరములలో పేరో తాఫుర్ అను స్పెయిను యాత్రికు డిచ్చటి పనిని జూచి వ్రాసినాడు. నడుమ నొక కాలువ, రెండువైపుల కొట్లు. ఖాళీ గాలీని, అనగా తెడ్లతో నడచు పొడుగాటి యుద్ధనౌకను, చిన్న పడవతో నీడ్చికొనివచ్చుచుండగా ఒక కిటికీ నుండి త్రాళ్లు, ఒక దానినుండి రొట్టె, ఒక దానినుండి విండ్లు, ఒక దానినుండి ఫిరంగులు అందించుచుండిరట. కాలువ చివర జేరునప్పటికి తెడ్డువాండ్రతో సహా సర్వమును అమరియుండెను. ఆఱుగంటల కాలమున పది గాలీ లట్లు వెడలినవని యతని లెక్క. 1574లో ఫ్రాన్సు రాజు మూడవ హెన్రీ విందారగించుచుండగనే యొక గాలీని అమర్చి చూపిరని చెప్పుదురు. ఇట్టి కథలు రాజుల యెదుట నాడిన నాటకములే కావచ్చును. కాని భాగములు ముందే సరిపోలి సిద్ధముగా లేనిచో ఈ నాటకమును సాగదు.

పనివారికి “అర్సెనలోత్తి” యని పేరు. 16వ శతాబ్దిలో వీరి సంఖ్య రెండుమూడువేల వఱకుండెను. వడ్రంగులు, సందులలో నార కూరి కీలుపూయువారు, తెడ్లు చెక్కువారు వేఱువేఱు శ్రేణులుగా నుండిరి. తెరచాపలు కుట్టుపని స్త్రీలది. సాన్ మార్కో గోపురమందలి పెద్దగంట ఉదయమున మ్రోగిన పనికి బోవలెను, సాయంకాలము మ్రోగిన మరలవలెను. వడ్రంగులను బట్టి ఆ గంటకే “మరంగోన” యని పేరు. 1902లో గోపురము కూలినపుడు దక్కిన గంటలు పగిలినను మరంగోన మిగిలినది. ఈ పనివారికి రాజ్యమువారు పనివేళ నీరు కలిపిన ద్రాక్షసారాయము వెలలేక యిచ్చుచుండిరి. డోజు మరణించి మఱియొకడు ఎన్నికయగు వఱకు రాజభవనమునకు వీరే కావలి. క్రొత్త డోజును భుజములపై మోయువారును, ఊరిలో నిప్పంటుకొన్న నార్పువారును వీరే. శిల్పిని ఊరి వెలుపల నుంచి శిల్పమును మాత్రము లోనికి దెచ్చుకొను దేశములు పెక్కు గలవు; వెనీసువారు తమ భవనపు తాళమును శిల్పి చేతికిచ్చిరి.

ఇచ్చట నొక వైయాకరణుని కథ చెప్పవలసియున్నది. వెత్తోర్ ఫౌస్తో గ్రీకుభాషా పండితుడు. అరిస్టాటిలు పేర ప్రచారమందున్న యంత్రశాస్త్ర గ్రంథమును లాటినులోనికి బరివర్తించి 1517లో పారిసున బ్రకటించెను. ఓడ నడుమ గూర్చున్న తెడ్డువాండ్రే ఓడను ఎక్కువగా నడుపుదురనుటకు గారణమేమి యను ప్రశ్న యా గ్రంథమందున్నది. 1518లో ఫౌస్తో వెనీసునగరమున గ్రీకుభాషాధ్యాపకు డాయెను. ప్రాచీన గ్రీకు, రోమను గ్రంథములలో “ఐదింటి నౌక” యని యొకటి పేర్కొనబడును. ఐదేమి? ఐదంతస్తులా, ఐదు తెడ్లా, ఐదుగురు మనుష్యులా? ఇది నిఘంటువులతో దెగని ప్రశ్న. ఫౌస్తో అర్థనిర్ణయము జేయుటకు వ్యాఖ్యానము వ్రాయక, ఆ యోడనే కట్టెద ననెను.

అప్పటి గాలీలలో నొక్కొక్క పీటపై ముగ్గురు కూర్చుండి, ఒక్కొక్కరొక తెడ్డు పట్టెడివారు. ఫౌస్తో ఐదుగురిని, ఐదు తెడ్లను కూర్చుటకు రూపము కల్పించి, చిన్న నమూనా చేసి శిష్టసభవారికి జూపెను. శాలలోని పెద్ద మేస్త్రీలు నవ్విరి. తండ్రి తాతలనుండి కొలతలు నేర్చిన తమకు, గొడ్డలి పట్టి యెఱుగని పంతులు ఓడ గట్టుట నేర్పుటయా? వారి యాక్షేపము తేలికగా ద్రోయదగినది కాదు. ఏ ప్రాచీనగ్రంథమునను ఆ యోడ కొలతలు పూర్తిగా లేవు. సముద్రమో, శ్లేషార్థముల నంగీకరింపదు. అయినను శిష్టసభవారు శాలలో నొక చోటును, కొయ్యను, పనివారిని ఇచ్చిరి. 1529 వసంతమున ఫౌస్తో నౌక నీట దిగినది. డోజు ఆంద్రెయా గ్రిత్తియు పురజనులును జూచుచుండగా తేలిక గాలీ యొకదానితో దీనికి పందెము పెట్టిరి. ఐదింటి నౌకయే గెలిచినది.

ఈ విజయమును బట్టి శాస్త్రము శిల్పమును జయించెనని చెప్పువారు తొందరపడుచున్నారు. ఐదింటి నౌకలు పిమ్మట విరివిగా గట్టబడలేదు. ఆ శతాబ్ది మధ్యము నుండి ఒక్క పెద్ద తెడ్డును పలువురు కలిసి లాగు పద్ధతి వ్యాపించి, ఆ లెక్కనంతను అనావశ్యకము చేసినది. ఇక ఆ నౌక తేలుటకును గెలుచుటకును, నవ్విన మేస్త్రీల శాలలోని చేతులే కదా కారణము? ఫౌస్తో చేసిన గొప్పపని వేఱు. గ్రంథార్థము సందిగ్ధమైనపుడు చేతితో బరీక్షింపవచ్చునని యొక భాషాపండితుడు నమ్మెను. అట్లు నమ్మి నవ్వులపాలగుటకు సిద్ధపడెను. ప్రాచీనశబ్దములకు బ్రయోగపరిశీలన మనిన మనము శ్లోకములు వెదకుదుము. ఫౌస్తో కొయ్యను వెదకెను.

1569 సెప్టెంబరునందు మందుకొట్లు ప్రేలి శాలలో గొంత భాగము నాశమయ్యెను. మఱునటి సంవత్సరమే తురుష్కులతో సైప్రసు యుద్ధము. 1571 అక్టోబరు 7వ తేదీని లెపాంతో యొద్ద జరిగిన సంగ్రామమున వెనీసు పక్షమున నూఱుకు మించిన గాలీలు నిలిచినవి. వర్తకపు పెద్దగాలీలను మార్చి, ఫిరంగులు నింపి, ఇచ్చటనే సిద్ధపఱచిన యాఱు గలియాసులు ముందువరుసలో నుండి శత్రువ్యూహమును భేదించినవి. దీనిని గుఱించి గ్రంథములు పెక్కు గలవు కావున విస్తరింప బనిలేదు. ఆ జయమును దెలుపు నక్షరములు 1460లో గట్టిన శాల సింహద్వారముపై నేటికిని గలవు.

అంతకంటె దీర్ఘకాలము నిలిచిన ఫలము మఱియొకటి గలదు. గెలిలియో 1592 నుండి 1610 వఱకు వెనీసు రాజ్యములోని పాదువా విద్యాపీఠమున నధ్యాపకుడు. 1593లో శాలాధికారి జాకొమో కొంతరీని తెడ్డు నెచ్చట నమర్చిన బలమెక్కువగునని యడుగగా, తెడ్డును మీటగా భావించి గెలిలియో యుత్తరము వ్రాసెను. ప్రశ్న ఫౌస్తో పరివర్తించిన గ్రంథమునాటిదే. అడిగినవాడు మాత్రము ఓడల యక్కఱ గలవాడు. 1638లో, మతాధికారుల నిషేధమునకు లోనైన ముదిమిలో, హాలండులోని లైడెను నుండి వెలువడిన తన కడపటి మహాగ్రంథమును గెలిలియో ఈ శాలా ప్రశంసతోనే యారంభించినాడు. నిరంతరము పని జరుగుచుండు ఆ శాల తత్త్వవిచారము చేయువారికి విశాలమైన క్షేత్రమని యొక పాత్ర యనగా, రెండవ పాత్ర తానందుకే యచ్చటికి దఱచుగా బోయి ముఖ్యశిల్పులతో మాటలాడుచుందు ననును.

ఆ మాటలలో నొకటి యిది. చిన్న యోడను నీట దింపునపుడు చాలిన యాధారములు, అదే రూపమున బెద్దగా గట్టిన యోడకు, అదే పాళ్లలో బెంచినను చాలవు. పెద్దది తన బరువుననే విఱుగవచ్చును. శిల్పులకిది యనుభవము, లెక్కనెఱిగినవారికి గొంతకాలము అపహాస్యము. రూపము సమానమైనచో బలమును సమానముగా బెరుగవలెను గదా యని వారి తర్కము. బరువు ఘనముగా బెరుగును, కొయ్య కోతతలపు బలము వర్గముగా మాత్రమే పెరుగునని చూపి, శిల్పులనుటే నిజమని గెలిలియో స్థాపించెను. ఏనుగు కాలియెముక కుక్క కాలియెముకకు పెంచిన ప్రతిబింబము గాకపోవుటకును ఇదే కారణము. పదార్థబలమును గుఱించిన శాస్త్రము ఈ విధముగా కీలు వాసనలో బుట్టినది. అందు సూత్రకారుడు గెలిలియో. లక్ష్యమును జూపినవారి పేళ్లు గ్రంథమున లేవు. లక్ష్యమును బట్టియే లక్షణమని వ్యాకరణము చదివినవారి కెవ్వరికిని జెప్పనక్కఱలేదు.

శాసనపరిశోధకుల నిమిత్తము సింహద్వారపు సింహములను గూర్చి కొంచెము చెప్పుట మంచిది. 1687లో ఫ్రాంచెస్కో మొరోసీని గ్రీసుపై దండెత్తెను. ఏథెన్సులోని పార్థెనాను దేవాలయము తురుష్కుల మందుగిడ్డంగిగా నుండగా వెనీసువారి గుండు పడి ప్రేలిపోయినది ఈ దండయాత్రయందే. మరలునపుడు మొరోసీని పిరియసు రేవున గూర్చుండియున్న ప్రాచీన చలువరాతి సింహమును దెచ్చి ఈ శాల యెదుట నిలిపెను. ఆ సింహమును బట్టి పిరియసునకే సింహపురేవని పేరుండెడిది. పేరుగల రేవు సింహమును గోల్పోయినది. దాని భుజములపై పామువలె మెలికలు తిరిగిన గీతలు గలవు. వంద సంవత్సరములు దాటువఱకు అవి లిపియని యెవ్వరును గుర్తింపలేదు. 18వ శతాబ్ది చివర అకెర్బ్లాద్ అను స్వీడనుదేశపు పండితుడు అవి యుత్తరదేశపు రూన్ అక్షరములని కనుగొనెను. 11వ శతాబ్దిలో కాన్‌స్టాంటినోపులు చక్రవర్తి కొలువున జేరిన ఉత్తరదేశ యోధులు చెక్కినవని నేటి యభిప్రాయము. అరిగిపోవుటచే పాఠములు పండితునకొక్కటిగా నున్నవి.

1498లో వాస్కో డ గామా కళ్లికోటకు వచ్చుటతోనే వెనీసు కథ ముగిసెనని పాఠశాలాచరిత్రలు చెప్పును. అది సరికాదు. 16వ శతాబ్ది మధ్యమున ఎఱ్ఱసముద్రపు దారిని మిరియములు మరల వెనీసునకు విరివిగానే వచ్చినవి. 17వ శతాబ్దిలో డచ్చివారును ఆంగ్లేయులును మిరియపు తావులనే పట్టుకొనిన పిమ్మట గాని దెబ్బ గట్టిగా దగులలేదు. అప్పటికి సముద్రము తెడ్లది గాక తెరచాపలది యైనది. గాలీలకై రూపొందిన శాలయు, దాని శ్రేణులును, కొలతలును పాతబడినవి. ఏ క్రమము వలన బలము వచ్చెనో ఆ క్రమమే మార్పునకు గోడయైనది.

1797 మే 12వ తేదీని నెపోలియను బెదరింపునకు లొంగి వెనీసు ప్రజారాజ్యము తన్ను తానే రద్దుచేసికొన్నది. నగరమును ఆస్ట్రియావారికి ఒప్పగింపవలసి వచ్చి, వెడలిపోవుటకు ముందు ఫ్రెంచివారు శాలను దోచిరి. కొనిపోదగిన యోడలను గొనిపోయి, తక్కినవానిని చెఱచిరి. డోజు ఏటేట సముద్రమునకు ఉంగరము సమర్పించుటకు వెడలు బంగరుపూతల “బుచింతోరో” నౌకను 1798 జనవరిలో గాల్చిరి. కాల్చినది బూడిదలో బంగారమును దీసికొనుటకు.

పనివారి కోపము అర్ధశతాబ్దమునకు బయలుపడినది. 1848 మార్చి 22వ తేదీని అర్సెనలోత్తులు తిరుగబడి, ఆస్ట్రియా పక్షపు కఠినాధికారి మరీనోవిచ్‌ను చంపిరి. దానియేలె మనీన్ శాలను వశపఱచుకొని ఆ దినమే ప్రజారాజ్యమును మరల బ్రకటించెను. అది పదునేడు నెలలు నిలిచినది. ఆస్ట్రియావారు తిరిగివచ్చి, ఈ నగరమును నమ్మరాదని, తమ నౌకాబలపు ముఖ్యస్థానమును పోలాకు మార్చుకొనిరి. 1866లో వెనీసు ఇటలీరాజ్యమున జేరిన పిమ్మట పొడిరేవులు త్రవ్వి, ఇనుపయోడలు గట్టిరి. 1885లో నీట దిగిన యుద్ధనౌకకు సింహమును దెచ్చిన మొరోసీని పేరు పెట్టిరి. 1897లో “అమ్మిరాల్యో ది సాన్ బోన్” నౌక దిగినది. ఆ కాలమున ఇంగ్లండునుండి వచ్చిన ఆర్మ్‌స్ట్రాంగు వారి నీటిబలపు బరువెత్తుయంత్రము నేటికిని శాల యొడ్డున నున్నది. కాని వెనీసు కయ్యల లోతు పెద్ద యినుపయోడలకు జాలదు. మొదటి ప్రపంచయుద్ధముతో ఓడకట్టుపని వాస్తవముగా నాగిపోయినది. తరువాత అర్ధశతాబ్దికి మించి సింహద్వారము లోపల నౌకాబలమువారి కార్యాలయములు, వెలుపల నౌకాచరిత్ర వస్తుప్రదర్శనశాల, నడుమ పైకప్పులు కూలిన కొట్లు.

1980లో వెనీసు “బియెన్నాలె” యను కళాప్రదర్శనసంస్థవారు, పావొలో పోర్తొగేసి యాధ్వర్యమున, మొదటి యంతర్జాతీయ వాస్తుప్రదర్శనమును త్రాళ్లశాలలో జరిపిరి. శాల నడుమ వీథివలె నిరువైపుల ఇంటిముఖములను గట్టి చూపిరి; మోకులు చాచిన చోట జనులు నడచిరి. 1999లో హారల్డ్ సేమన్ నిర్వాహకుడుగా నుండగా ఫిరంగిశాలలు, ఓడకొట్లు, నీటిపై కప్పుగల “గజాంద్రె” మొదలగునవియు ప్రదర్శనమున జేరినవి. 2013లో శాలలో నధికభాగము నగరపాలకసంస్థకు సంక్రమించినది; కొంత నౌకాబలమువారియందే నిలిచినది. ఒకవైపు సముద్రశాస్త్ర పరిశోధకులు పనిచేయుచున్నారు. సముద్రపు పోటునుండి నగరమును గాపాడుటకు అడుగున నమర్చి 2020 అక్టోబరు 3వ తేదీని మొదటిసారి పోటువేళ నెత్తిన ఇనుపతలుపుల నియంత్రణస్థానమును ఇచ్చటనే గలదు.

ఈ మార్పును గూర్చి రెండభిప్రాయములు గలవు. ప్రదర్శనమే లేనిచో కప్పులన్నియు నీటబడియుండెడివని కొందఱు; వెనీసువారి పని స్థలమును సంవత్సరమున గొన్ని నెలలు వచ్చిపోవు చూపరులకు ద్వారము తెఱచి, ఊరివారికి మూసిరని కొందఱు. మొదటివారి మాట కాదనరానిది. రెండవవారి వ్యథయు నకారణము కాదు: వెనీసు ప్రాచీననగరమున నేడు నివసించువారు ఏబదివేలకు లోపడియున్నారు, ఆ సంఖ్య 1951లో ఒక లక్షా డెబ్బదివేలకు మించియుండెను. కట్టడము నిలిచినంతమాత్రమున కట్టినవారి విద్య నిలువదు. త్రాళ్లశాల స్తంభముల నడుమ దూరమును మెచ్చుకొను వాస్తుపండితులలో, ఆ దూరము పోగుల వరుసల కొలతయని యెఱిగినవా రెందఱు? రెండింటిలో పోటుతలుపులను నడపు గదియే పాత శాలకు నిజమైన సంతతి యని చెప్పుట న్యాయము. అందు గూర్చున్నవారు నేటికిని నీటితో దగవులాడుచున్నారు.

ఆ ప్రదర్శనమున భారతదేశము తన పక్షమున మొదటిసారి ప్రత్యేకశాల నేర్పఱచినది 2011లో, ఈ నౌకాకర్మశాల యందే. 2019లో గాంధీమహాత్ముని నూటయేబదవ జయంతి సందర్భమున రెండవసారి. అపుడు నందలాల్ బోసు హరిపుర కాంగ్రెసునకై చిత్రించిన పటములు అచ్చట దర్శనమిచ్చినవి. జి. ఆర్. ఈరణ్ణ యను కన్నడదేశపు శిల్పి పాదుకలను గుంపుగా గూర్చి, దానికి “నావు” అని పేరు పెట్టెను. కన్నడమున దాని యర్థము “మనము”. తెలుగువాని చెవికి నది “నావ” వలె వినబడును. సంస్కృతమున “నౌ” యనగా ఓడ. పాణినీయమున అస్మచ్ఛబ్ద ద్వివచనమునకు గలుగు నాదేశమును “నౌ” యే, అనగా మన యిరువురకు, మన యిరువురయొక్క. శిల్పి యీ శ్లేష నుద్దేశించెనో లేదో; ఓడలు గట్టిన కొట్టులో ఆ పేరు పడినది.

ప్రదర్శనమునకు వచ్చువారు నేడు మొరోసీని సింహముల ద్వారమున గాక, దక్షిణముననున్న త్రాళ్లశాల వైపునుండి లోనికి బోవుదురు. వారు చీట్లు చూపు ఆ ముంగిటికి “కాంపో దెల్లా తాన” యని పేరు. దాను నదీముఖమందలి తానను తురుష్కులు గొని అయిదువందల యేబది సంవత్సరములైనది.